తాత ఫోటో, మెడల్స్ ఫ్రేము, జ్ఞాపకాల పుస్తకం: బరంపురం స్టూడియోకి నా మార్కులు

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. పాత ఫోటోలు బాగుచేయించాలన్నా, మెడల్స్‌కి ఫ్రేము కట్టించాలన్నా ఒడిశాలోని మా బరంపురంలో గేట్ బజార్ వైపు మేడ మీదున్న ఈ స్టూడియోకి నిశ్చింతగా వెళ్లొచ్చు. పుస్తకం డిజైన్ మాత్రం వాళ్లకి అప్పజెప్పి ఇంటికి వచ్చేయకండి. కంప్యూటర్ ముందు వాళ్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవాలి, లేకపోతే మీ ఇంటి మనిషి బదులు ఎవరో సినిమా సైనికుడు అచ్చయి వస్తాడు. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే మెచ్చుకోలుతో పాటు తిట్లు కూడా ఉన్నాయి, పైగా ఓనర్ మంచివాడే. కింద మందుల షాపు, పక్కన ఇరుకు మెట్లు, మెట్ల మొదట్లో ఎప్పటిదో వెలిసిపోయిన ఫిల్మ్ రోల్ ప్రకటన. బరంపురం వాళ్లకి ఈ ఆనవాలు చాలు.

మేం వెళ్లింది తాత సంవత్సరీకం కోసం. తాత ఆర్మీ మనిషి, ఈ.ఎం.ఈ.లో చేశాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, సైన్యంలో లారీలు, జీపులు, ట్యాంకులు, ఫిరంగులు, వైర్‌లెస్ సెట్లు, ఏది చెడిపోయినా బాగుచేసే విభాగం అది. 1943 నుంచి ఉంది. ఏటా అక్టోబర్ 15న వాళ్ల కోర్ డే, అంటే ఆ విభాగం పండగ రోజు. ఆ రోజు తాత పొద్దున్నే గడ్డం గీసుకుని, బెల్టు బకిల్‌కి బ్రాసో పెట్టి తళతళలాడేలా తోమి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా వరండాలో కూర్చునేవాడు. 1966లో సికింద్రాబాద్ సెంటర్లో చేరాడు, 1984లో హవల్దారుగా పెన్షన్ మీద వచ్చేశాడు. తర్వాత బస్సు డిపోలో మెకానిక్, అది కూడా రిటైరయ్యాక జీతం లేకుండా వీధి మొత్తానికి మెకానిక్. పోయిన ఏడాది డెబ్బై తొమ్మిదో ఏట ఇంట్లోనే, నిద్రలోనే పోయాడు. అంటే పద్దెనిమిదేళ్లు సైన్యం, నలభై ఏళ్లు ఇల్లు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, షాపుతో జరిగిన గొడవంతా దీని మీదే.

మా సరంజామా ఇది: అద్దానికి అతుక్కుపోయిన ఒక పాత ఫోటో, పెళ్లి ఫోటో, 1983లో వర్క్‌షాపు వాళ్లంతా కలిసి దిగిన గ్రూపు ఫోటో, సబ్బు పెట్టెలో ఐదు మెడల్స్, మామ్మ ట్రంకుపెట్టె అడుగున దారం కట్టి దాచిన ఇన్‌లాండ్ ఉత్తరాలు, సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ బుక్కు.

ముందు అతుక్కుపోయిన ఫోటో సంగతి, ఎందుకంటే ఈ స్టూడియో మీద నాకు గౌరవం పుట్టింది అక్కడే. అది 1968లో సికింద్రాబాద్‌లో తీయించుకున్న నలుపు తెలుపు ఫోటో, యూనిఫాం, తల మీద బెరే టోపీ. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా ముందుగది రేకులు లేచిపోయి ఫ్రేములోకి నీళ్లు దిగాయి. తర్వాత ఆరింది గాని, ఫోటో అద్దాన్ని వదలలేదు. ఇదివరకు వేరే చోట చూపిస్తే నీళ్లలో నానబెట్టి ఊడదీసేద్దాం అన్నారు, మామ్మ ఒప్పుకోలేదు, మంచి పని చేసింది. ఈ స్టూడియోలో వెనక గదిలో ఒక పెద్దాయన ఉంటారు, ఫ్రేములన్నీ ఆయన చేతి పనే, పాత ఫోటోలు కాపీ తీసేదీ ఆయనే. అద్దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి "దీన్ని ఎవరూ పీకొద్దు" అన్నారు. బొమ్మంతా ఉండేది కాగితం మీదున్న పల్చటి జిలాటిన్ పొరలో. తడిసి ఆరినప్పుడు ఆ పొరే అద్దానికి పట్టేసుకుంటుంది. లాగితే కాగితం చేతికొస్తుంది, మొహం అద్దం మీద మిగులుతుంది. అందుకని ఊడదీయకుండా అద్దం పైవైపు మెత్తటి గుడ్డతో తుడిచి, కెమెరాని నిలువుగా స్టాండుకి బిగించి, రెండు పక్కల నుంచి ఏటవాలుగా లైట్లు పెట్టి, లైట్లకీ లెన్సుకీ పోలరైజింగ్ ఫిల్టర్లు తగిలించి తీశారు. పాత ఫోటోల్లో నల్లగా ఉండాల్సిన చోట నీలంగా, లోహంలా మెరుస్తుంది చూడండి, అది అందులోని వెండి పైకి తేలడం వల్లనట. ఫిల్టర్లు పెట్టేసరికి ఆ మెరుపూ పోయింది, అద్దం మీద లైటు పడిన మచ్చా పోయింది. తాత చొక్కా గుండీ మీద బొమ్మ కూడా కనిపించింది, మాకెవరికీ ఇదివరకు తెలియదది.

మిగతావి స్కానర్ మీద తీశారు. ఎక్కడ చేయించినా 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో తీయమని, ఏ మెరుగులూ దిద్దని టిఫ్ ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమని అడగండి. వీళ్లు అడగ్గానే ఇచ్చారు, అదనంగా డబ్బు తీసుకోలేదు.

ఇంతవరకు బ్రహ్మాండం. ఆ ఫైలు ముందు గదిలో కంప్యూటర్ కుర్రాడి చేతికి వెళ్లింది, అక్కడి నుంచి మొదలైంది కష్టం. కుర్రాడు చురుకైనవాడే, కాకపోతే బటన్ నొక్కితే పనైపోతుందని నమ్మే రకం. ఏదో ఏఐ యాప్‌లో వేసి, ఫోటో శుభ్రం చేసి, రంగులు అద్ది, వాట్సాప్‌లో పంపాడు. నున్నటి చెంపలు, కోటేరు ముక్కు, రెండు వైపులా సమానంగా చెవులు. మామ్మకి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చూసి "ఎవరే ఈ అబ్బాయి, బాగున్నాడు" అంది. తాతకి చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు మొహం నిండా ఉండేవి, యాప్ వాటిని ఫోటో మీద పడిన మరకలనుకుని తుడిచేసింది. అంతకంటే ఘోరం టోపీకి మెరూన్ రంగు వేసింది. సైన్యంలో మెరూన్ బెరే పారాచూట్ వాళ్లది, విమానం నుంచి దూకేవాళ్లు కష్టపడి సంపాదించుకునేది. ఈ.ఎం.ఈ. వాళ్లది ముదురు నీలం. తాత బతికుంటే ఆ ఫోటో చూసి ముందు నవ్వేవాడు, తర్వాత చించేసేవాడు. గ్రూపు ఫోటోలో గుండెల మీదున్న రిబ్బన్లకి కూడా యాప్ తోచిన రంగులు వేసింది, ఒక్కొక్కరికి ఒక్కో హోలీ. 

ఇక్కడ ఓనర్‌ని మెచ్చుకోవాలి. "భాయినా, ఇది మా తాత కాదు" అంటే (భాయినా అంటే ఒడియాలో అన్నయ్య) వాదించలేదు. కుర్రాణ్ణి లేపి తనే కూర్చున్నాడు. మచ్చలన్నీ ఒరిజినల్ నుంచి వెనక్కి తెచ్చాడు, టోపీకి నీలం వేశాడు. రిబ్బన్ల రంగుల కోసం మేం మెడల్స్‌కి ఉన్న అసలు రిబ్బన్లనే ఫోటో తీసి ఇచ్చాం, వాటిని బట్టి తాత వరకు సరిచేశాడు, మిగతావాళ్లవి నలుపు తెలుపులోనే వదిలేయమన్నాం. మీరూ ఇదే చేయండి, యూనిఫాం ఫోటోకి రంగులు వేయించే ముందు టోపీ రంగు, రిబ్బన్ల రంగు కాగితం మీద రాసి ఇవ్వండి. అవి తెలియకపోతే రంగుల జోలికే పోవద్దు, నలుపు తెలుపుకి వచ్చిన లోటేమీ లేదు.

మెడల్స్ ఫ్రేము ఈ షాపులో అన్నిటికంటే మంచి పని. రెండంగుళాల లోతున్న టేకు పెట్టె ఫ్రేము, లోపల ముదురు నీలం వెల్వెట్, అద్దానికీ మెడల్స్‌కీ మధ్య ఖాళీ. కుర్రాడు గమ్ పెట్టి అంటించేద్దాం అన్నాడు, పెద్దాయన ఒక్క చూపు చూశారు. మెడల్ అంచు మీద సైనికుడి నంబరు, పేరు చెక్కి ఉంటాయి, అంటిస్తే అవి ఇక కనబడవు, రేపు ఎప్పుడైనా తీయాలంటే వెల్వెట్‌తో సహా చిరుగుతుంది. ఆయన రిబ్బన్ వెనక నుంచి దారంతో కుట్టారు, కావాలంటే కత్తెర పెట్టి రెండు నిమిషాల్లో బయటికి తీయొచ్చు. మూల్లో చిన్న సిలికా జెల్ పొట్లం పెట్టారు, మన ఊళ్లో సముద్రం గాలికి ఏ లోహమైనా నల్లబడాల్సిందే కదా. తోమి పెట్టమని నాన్న అడిగితే వద్దన్నారు, బ్రాసోతో మాటిమాటికీ తోమితే అంచు మీద పేరు అరిగిపోతుందట. తాత బకిల్‌ని ఎంత తోమినా మెడల్స్‌ని ఎందుకు ముట్టుకునేవాడు కాదో నాన్నకి అప్పుడర్థమైంది.

వరస విషయంలో మాత్రం జాగ్రత్త. పెద్దాయన అందం చూసి, కంచు రంగు నక్షత్రాన్ని మధ్యలో, తెల్లటి గుండ్రటివి అటు రెండు ఇటు రెండు పెట్టారు. చూడ్డానికి బాగుంది గాని తప్పు. దేని తర్వాత ఏది అనేదానికి ప్రభుత్వ వరస ఉంది, పెద్దది ఛాతీ మధ్య వైపు, అంటే ఎదురుగా చూసేవాళ్లకి ఎడమ చివర రావాలి. మా తాతవి ముందు 1971 పాకిస్తాన్ యుద్ధంలో తూర్పు వైపు పనిచేసినవాళ్లకిచ్చిన పూర్వీ స్టార్, తర్వాత సంగ్రామ్ మెడల్, సైన్య సేవా మెడల్, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయినప్పుడు 1972లో సర్వీసులో ఉన్నవాళ్లకిచ్చినది, చివర తొమ్మిదేళ్ల సర్వీసుది. చెప్పగానే మార్చేశారు.

ఓనర్‌కి ఇంకో ఐడియా వచ్చింది. పుస్తకం అట్ట మీద వేసే ఫోటోలో ఇంకో రెండు మెడల్స్ కలిపితే నిండుగా ఉంటుందట, నెట్‌లో బొమ్మలు దొరుకుతాయట, "ఇరవై ఏళ్ల సర్వీసుది కూడా ఒకటుంది కదా, అది వేసేద్దాం". చెడ్డ ఉద్దేశంతో అన్నమాట కాదు, పెళ్లి ఆల్బమ్‌లో ఆకాశానికి నీలం కలిపినట్టే ఆయనకి ఇదీ. కాని ఆ మెడల్ తాతకి ఎందుకు రాలేదో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇంకో రెండేళ్లు ఉంటే వచ్చేది, బహుశా ఇంకో మెట్టు ప్రమోషన్ కూడా. 1984 నాటికి ఇక్కడ ముత్తవ్వ మంచం పట్టింది. మామ్మ ఒక్కతే ముగ్గురు పిల్లలతో, కాయకష్టం మీద ఇల్లు లాగుతోంది. పెదనాన్న బడి ఎగ్గొట్టి సినిమా హాలు దగ్గర తిరుగుతున్నాడు (ఇది చదివితే తిడతాడు, తిట్టనీ). తాత పెన్షన్ కాగితాలు పెట్టుకుని వచ్చేశాడు. దాని గురించి ఎప్పుడూ గొప్పగా గాని, బాధగా గాని మాట్లాడలేదు. అలాంటిది మేం డబ్బులిచ్చి ఆ మెడల్‌ని ఆయన గుండె మీద అంటించడమా? "ఐదే, భాయినా, ఐదే ఉంచండి" అన్నాం.

ఇక పుస్తకం. వీళ్ల దగ్గర సైనికుల కోసం ఒక రెడీమేడ్ టెంప్లేటు ఉంది, అసలు సమస్య అదే. అట్ట మీద మంచుకొండలు, ట్యాంకు, పైన ఫైటర్ విమానం, అడ్డంగా మూడు రంగుల జెండా, జెండా మీద బంగారు అక్షరాల్లో పేరు, కింద "అమర వీరుడు". గోపాలపూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉండటంతో ఈ చుట్టుపక్కల మాజీ సైనికుల కుటుంబాలు బాగానే ఉన్నాయి, అందరికీ ఇదే వేస్తున్నారట, అందరూ సంతోషంగా తీసుకెళ్తున్నారట. మేం ఒక్కొక్కటిగా పీకించాం. జెండా మీద ఏ అక్షరాలూ రాయకూడదని ఫ్లాగ్ కోడ్‌లో స్పష్టంగా ఉంది, ఆ మాట చెప్తే ఓనర్ నిజంగానే కంగారుపడి ఆ టెంప్లేటులోంచి పేరు కిందికి దించేశాడు, ఆ మేరకు తర్వాతవాళ్లకీ మేలు. విమానానికీ తాతకీ ఏ సంబంధమూ లేదు, తీసేశారు. యుద్ధంలో ప్రాణం పోయినవాళ్లకి వాడే మాటని మనవల మధ్య కన్నుమూసిన మనిషికి పెడితే ఇద్దరికీ న్యాయం కాదు, అదీ తీసేశారు. చివరికి అట్ట మీద తాత బస్సు డిపో రోజుల ఫోటో వేయించాం, చేతిలో రెంచి, చొక్కాకి గ్రీజు. ఓనర్‌కి ఇది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు.

1971 పేజీ దగ్గర మళ్లీ పేచీ. ఢాకాలో డిసెంబర్ 16న లొంగుబాటు సంతకాలు పెట్టే ఫోటో వేద్దాం, తొంభై మూడు వేల మంది లొంగిపోయారు కదా, పేజీకి బరువొస్తుంది అంటాడు. చరిత్ర నిజమే, ఆ ఫోటో గొప్పదే, కాని తాత ఢాకా చూడనే లేదు. ఆయన ఉన్నది అగర్తలా వైపు, శక్తిమాన్ లారీల వెనకాల. పదమూడు రోజుల యుద్ధంలో ఆయనకి గుర్తున్నదంతా బురద. అటంతా నదులు, కాలవలు, మెత్తటి నేల, సామాను మోసే లారీలు ఇరుసుల దాకా కూరుకుపోయేవి. రాత్రిపూట వెలుగు బయటికి కనబడకూడదు కాబట్టి లారీ మీద టార్పాలిన్ కప్పి, దాని కింద దూరి, టార్చి లైటు పళ్ల మధ్య పెట్టుకుని గేర్‌బాక్సు దింపేవాళ్లట. "నేను పేల్చిన తూటా ఒక్కటి లేదు, బిగించిన బోల్టులకి లెక్క లేదు" అనేవాడు. లొంగుబాటు వార్త రేడియోలో వచ్చినప్పుడు కూడా లారీ కిందే ఉన్నాడు, పైన అందరూ అరుస్తుంటే లారీ జాకీ మీంచి జారిందేమో అనుకుని హడలిపోయి బయటికి పాక్కుంటూ వచ్చాడట. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ పాకడం చేసి చూపించేవాడు, డెబ్బై ఏళ్లు దాటాక కూడా, మామ్మ "నడుం పట్టేస్తుంది లేవండి" అని అరుస్తున్నా. పేజీలో ఇదే రాశాం. ఢాకా ఫోటో లేదు.

పక్క పేజీలో ఒక ఉత్తరం. అప్పట్లో తూర్పు వైపు ఉన్న సైనికులకి ఎక్కడున్నా ఒకటే అడ్రసు, 99 ఏ.పి.ఓ., అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఊరి పేరు ఉండదు, ఆ నంబరు ఒక్కటే. 1972 జనవరిలో రాసిన ఇన్‌లాండ్‌ని పెద్దాయన మడతలు పోకుండా అంత చక్కగా స్కాన్ చేశారు, నీలం కాగితం నీలంగానే, సిరా మరక మరకగానే ఉంది. యుద్ధం అయి నెల కూడా కాలేదు, ఉత్తరంలో యుద్ధం గురించి ఒక్క వాక్యం: "నేను కులాసా." మిగతాదంతా ఇంటి పెంకుల గురించి, పంపిన మనియార్డరు గురించి, అప్పటికి చంటివాడైన పెదనాన్నకి మశూచి టీకా వేయించావా లేదా అని. టీకా మాట ఆ ఒక్క కాగితంలోనే మూడు చోట్ల ఉంది, చివర అంచు మీద నిలువుగా కూడా. యాప్ తుడిచేసిన మచ్చల గురించి పైన చెప్పాను కదా. ఈ పేజీని సంవత్సరీకం రోజు పెదనాన్న చదువుతూ చొక్కా చెయ్యి పైకి లాగి టీకా మచ్చ చూసుకున్నాడు, వంట మధ్యలో ఉన్న అత్తని కూడా పిలిచి చూపించాడు.

తెలుగు అచ్చు విషయానికొస్తే, రెండు మార్కులు కూడా ఎక్కువే. బరంపురంలో తెలుగు మాట్లాడేవాళ్లకి కొదవ లేదు, 1936 దాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, రాష్ట్రపతి అయిన వి.వి.గిరి పుట్టింది ఈ ఊళ్లోనే. అయినా ఇప్పుడు తెలుగు టైపు చేసే మనిషిని వెతకడం పెద్ద పనైపోయింది. వీళ్ల ఒడియా అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. తెలుగులో ఏ వత్తూ దాని చోట లేదు, సంయుక్తాక్షరాలన్నీ విడిపోయి పొల్లుల వరసయింది, మామ్మ పేరే ముక్కలైంది. ఇది ఫాంటు తప్పని కుర్రాడు వరసగా ఫాంట్లు మారుస్తూ కూర్చున్నాడు. ఫాంటుది కాదు, తెలుగు వత్తుల్ని సరిగా కలిపి పేర్చే సదుపాయం ఫోటోషాప్‌లో ఉండాలి, పాత వెర్షన్ అయితే అది ఉండదు. వీళ్లది పాతదే. చివరికి తెలుగు పేజీల వరకు ఇచ్ఛాపురంలో డీటీపీ చేసే తెలిసినాయనతో చేయించి పీడీఎఫ్ తెచ్చి ఇచ్చాం. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఒడియా. మామ్మకి తెలుగు తప్ప చదవడం రాదు, మా అత్త మనవలకి ఒడియా, ఇంగ్లీషు తప్ప రావు, వాళ్లిద్దరూ ఒకే పుస్తకం ముందు కూర్చోవాలంటే ఇదే దారి. ఈ ఎడమ కుడి ఆలోచన ఓనర్‌దే, ఆ మాట చెప్పాలి.

తుఫాను పేజీ కూడా ఆయనకి నచ్చింది, ఎందుకంటే ఫైలిన్ ఆయనా చూశాడు. కరెంటు లేని ఆ రోజుల్లో తాత ఎక్కడి నుంచో మూలపడిన జనరేటర్ తెచ్చి, విప్పి, కడిగి, బిగించి, వీధి చివర పెట్టాడు. పొద్దున ఇంటింటికీ వంతులవారీగా మోటారు వేసి ట్యాంకులు నింపడం, సాయంత్రం ఫోన్ల చార్జింగు. వంతుల పట్టీ ఆయనే రాశాడు, మిలిటరీ పద్ధతిలో టైముతో సహా, మా ఇల్లు అన్నిటికంటే చివర. మామ్మ దానికి మూతి ముడుచుకుంది, ఇప్పటికీ ముడుస్తుంది.

గట్టిగా వాదన జరిగింది ఒక్క పేజీ మీదే. మామ్మ వంటింట్లో జారిపడి కుడిచెయ్యి విరిగినప్పుడు తాతకి డెబ్బై నాలుగు. వంట ఆయనకి ముందే వచ్చు, ఆర్మీ మెస్సు రుచి, ఉప్పు ఎక్కువ. జడ వేయడం రాదు. అత్త ఫోన్లో చెబుతుంటే స్పీకరు పెట్టుకుని నేర్చుకున్నాడు. మొదట్లో జడ గట్టిగా బిగించేసేవాడట, "బోల్టు కాదండీ" అని మామ్మ అరిచేది. చెయ్యి బాగయ్యాక కూడా జడ పని ఆయన దగ్గరే ఉండిపోయింది, పొద్దున కాఫీ అయ్యాక వరండాలో మామ్మ మెట్టు మీద, ఆయన కుర్చీలో. అలా ఉండగా మా తమ్ముడు వెనక నుంచి ఫోన్లో తీసిన ఫోటో ఒకటుంది, వెలుతురు సరిగా లేదు, మామ్మ మొహం కనబడదు, తాత పళ్ల మధ్య రిబ్బను పట్టుకుని ఉన్నాడు. ఓనర్ ఇది వద్దన్నాడు. "సైనికుడి పుస్తకంలో ఇదెందుకు, జనం నవ్వుతారు" అన్నాడు. నాన్న కూడా కాస్త తటపటాయించాడు. అప్పటిదాకా ఓ మూల కూర్చున్న మామ్మ "వెయ్యి బాబూ, పెద్దది వెయ్యి" అంది. "సరే మావుసీ", అంటే సరే పిన్నీ, అని ఓనర్ ఫుల్ పేజీ వేశాడు. పళ్ల మధ్య టార్చి ఉన్న కథ, పళ్ల మధ్య రిబ్బను ఉన్న ఫోటో ఒకే పుస్తకంలో పడ్డాయని ప్రింటు అయ్యాక గాని మేమెవరం గమనించలేదు.

ధరలు: పాత ఫోటో బాగుచేయడానికి ఒక్కోదానికి 700, రంగులకి ఇంకో 300, మెడల్స్ ఫ్రేము 2,400, ఇరవై నాలుగు పేజీల పుస్తకం కాపీ 110 లెక్కన. ఫ్రేముకి ఆ డబ్బు తక్కువే, పుస్తకానికి ఎక్కువ, ఎందుకంటే సగం పని మేమే చేసుకున్నాం. చెప్పిన తేదీకి ఇవ్వలేదు, సంవత్సరీకానికి ముందు రోజు రాత్రి మెట్ల మీద నిలబడి తెచ్చుకున్నాం, ఆ టెన్షన్ వేరే. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర రోజుల్లో అయితే అసలు పని ఇవ్వకండి, ఊరంతా వీధుల్లోనే ఉంటుంది, మనుషులు దొరకరు. ఫోటోలతో వీడియో కూడా చేస్తామన్నారు, నమూనా చూపించారు, వెనక బ్యూగిల్, మంటలు, వద్దనుకున్నాం.

మాజీ సైనికుల ఇళ్లవాళ్లకి కాగితాల గురించి రెండు మాటలు. డిశ్చార్జ్ బుక్కు, పెన్షన్ ఆర్డరు పాడవకుండా లామినేషన్ చేసిస్తామని కుర్రాడు అడుగుతాడు, ఒప్పుకోవద్దు. వేడికి అతికిన ప్లాస్టిక్ మళ్లీ రాదు, ఫ్యామిలీ పెన్షన్ పనుల మీద ఒరిజినల్ చూపించాల్సి వస్తే ఇబ్బంది. స్కాన్ చేయించుకుని ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టుకోండి చాలు. టెంప్లేటులో సర్వీసు నంబరు, పెన్షన్ నంబరు, పుట్టిన తేదీ వేసే గడులు కూడా ఉన్నాయి, అవన్నీ తీసేయించండి. నలుగురికి పంచే పుస్తకంలో అవి వేస్తే, పెన్షన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని ఫోన్ చేసే మోసగాళ్లకి మనమే వివరాలు అందించినట్టు, అవతల ఫోన్ ఎత్తేది ఒంటరిగా ఉన్న ముసలావిడ.

ఇంకో సంగతి ముందే మాట్లాడుకోండి. పుస్తకం ఓపెన్ ఫైలు, అంటే మళ్లీ మార్చుకోగలిగే ఫైలు, మీకు ఇస్తారా లేదా అని. మాకు పీడీఎఫ్ మాత్రమే ఇచ్చారు. ఇప్పుడు డిపోలో తాతతో పనిచేసినవాళ్లు కాపీలు అడుగుతున్నారు. గ్రూపు ఫోటోలో ఎడమ నుంచి నాలుగో ఆయనది తప్పు పేరు పడిందని విశాఖలో ఉంటున్న ఆయన కొడుకు ఫోన్ చేశాడు. జనరేటర్ పేజీలో మా ఇల్లు చివరి వంతు అని రాసిన చోట "అది కూడా రెండుసార్లు తప్పిపోయింది" అని చేర్చమని మామ్మ పట్టు. ఓనర్ ఫైలు ఇవ్వనంటున్నాడు, మార్పులు తనే చేస్తాడట, పేజీకి ఇంత అని. బేరం నడుస్తోంది.